వీణ వింటే కన్నీళ్ళు: ఇది జబ్బా?

రాజమహేంద్రవరం దానవాయిపేట నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరమే రాశారు. అందులో ముఖ్యమైన భాగం ఇది:

"డాక్టరుగారికి నమస్కారాలు. మా అత్తగారికి 62 ఏళ్ళు. ఆరేళ్ళ నుంచి రక్తపోటుకు బిళ్ళలు వాడుతున్నారు. మా మామగారు పోయి రెండేళ్ళయింది. వీణ వింటే రక్తపోటు తగ్గుతుందని ఎవరో ఫోనులో పంపారట. అది చూసిన దగ్గర్నుంచి మా ఆడపడుచు రోజూ పొద్దున్నే చిట్టిబాబుగారి 'కొమ్మలో కోయిల' పెడుతోంది. అది వింటే మాకందరికీ హుషారుగా ఉంటుంది. మా అత్తగారు మాత్రం వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు. అడిగితే 'ఏం లేదమ్మా, పొగ' అంటారు. మా ఇంట్లో గ్యాసు పొయ్యి తప్ప వేరే పొయ్యి లేదు. ఆ వీణలో ఒక్క మాటైనా లేదు కదా, ఏడవడానికి ఏముంది? ఇది నరాల బలహీనతా? గుండెకేమైనా ప్రమాదమా? ఇంకొక సంగతి. వీణ వింటున్నాను కదా అని ఆవిడ రాత్రి వేసుకునే బిళ్ళ మానేశారు. మేము ఏం చెయ్యాలి?"

ముందు ఆఖరి ప్రశ్నకు జవాబు చెబుతాను. మిగతా సంగతులు నిదానంగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు. సోదరీ, ఈ పత్రిక మడిచి పక్కన పెట్టి, ఇవాళే మీ అత్తగారిని మీ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి రక్తపోటు చూపించండి. రక్తపోటు పెరిగినా చాలామందికి తలనొప్పయినా రాదు. ఏమీ తెలియదు. తెలిసేనాటికి ఏ పక్షవాతమో, గుండెపోటో వచ్చి ఉంటుంది. పైగా కొన్ని రకాల బిళ్ళలు హఠాత్తుగా మానేస్తే రక్తపోటు మునుపటికంటే పైకి పోతుంది. డాక్టరు చెప్పకుండా మానడం ఎంత తప్పో, మానేసిన రోజులన్నింటికీ కలిపి ఒకేసారి రెండు మూడు మింగడం అంతకంటే తప్పు. వీణ వినవద్దని నేను అనడం లేదు. బిళ్ళ వేసుకుని వినమంటున్నాను.

ఇక ఏడుపు సంగతి. 'నరాల బలహీనత' అనే మాట మన ఇళ్ళలో ఆవకాయలాంటిది, అన్నిటిలోకీ వేసేస్తాం. నిద్ర పట్టకపోతే నరాల బలహీనత, కోపం వస్తే నరాల బలహీనత, కన్నీళ్ళు వస్తే నరాల బలహీనత. మీ అత్తగారి నరాలకు ఏమీ కాలేదు. అవి చక్కగా పని చేస్తున్నాయి కాబట్టే ఆవిడ వంటింట్లోకి వెళుతున్నారు. ఎలాగో చెబుతాను.

మాట లేని చప్పుడు

మాట లేకపోతే అర్థం ఉండదని మీరు అనుకుంటున్నారు. రాజమండ్రిలో ఉంటూ ఈ మాట అనడం నాకు ఆశ్చర్యంగా ఉంది. రాత్రి రైల్లో ఒళ్ళెరగకుండా నిద్రపోతున్న మనిషి, చక్రాల చప్పుడు మారి వంతెన మోత వినబడగానే లేచి కూర్చుంటాడు. గోదావరి వచ్చింది! పిల్లల్ని లేపుతాడు, జేబులో చిల్లర వెతుకుతాడు, కిటికీలోంచి నదికి దణ్ణం పెడతాడు. వంతెన ఆయనతో ఒక్క మాట అనలేదు. ఆయన గుండెలో మాత్రం ఏదో కదిలింది. అదే పెట్టెలో పై బెర్తు మీద పడుకున్న పరదేశికి ఆ చప్పుడు వట్టి నిద్రాభంగం. చప్పుడు ఒక్కటే, చెవులు రెండు రకాలు.

చెవిలో జరిగేది కొంచెం తెలుసుకుందాం. గాలిలోని కదలిక కర్ణభేరిని తాకుతుంది. దాని వెనక ఉన్న మూడు బుల్లి ఎముకలు ఆ కదలికను లోపలికి అందిస్తాయి. లోపల నత్తగుల్లలా చుట్టుకున్న చిన్న అవయవం ఉంది. అక్కడ కదలిక నరాల భాషలోకి మారి మెదడుకు చేరుతుంది. మెదడులో ధ్వనిని విడదీసి చూసే చోటు ఒకటి ఉన్నమాట నిజమే గాని, వార్త అక్కడితో ఆగదు. భయాన్నీ సంతోషాన్నీ పుట్టించే చోట్లకూ, జ్ఞాపకాలు దాచే చోటుకూ, గుండెనూ ఊపిరినీ నడిపే చోట్లకూ పాకుతుంది. గాలికి తలుపు దబాలున పడిందనుకోండి. ముందు గుండె ఝల్లుమంటుంది, ఆ తరువాతే 'ఓహో, తలుపా' అనుకుంటాం. తెలివి వచ్చి అర్థం చెప్పేలోగా ఒళ్ళు తన పని తాను చేసేస్తుంది.

సంగీతం ఈ దారులన్నింటినీ వాడుకుంటుంది. ఇటలీలో కొందరు వైద్యులు 2006లో ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. సంగీతం నేర్చిన 12 మందికి, నేర్వని 12 మందికి ఆరు రకాల సంగీతం వినిపించి గుండె వేగం, రక్తపోటు, ఊపిరి కొలిచారు. ఆ ఆరింటిలో మన దేశపు రాగం కూడా ఉంది. తాళం వేగం పెరిగిన కొద్దీ అన్నీ పెరిగాయి. ఏ రకం సంగీతం, విన్నవారికి ఇష్టమా కాదా అన్నదానికంటే వేగమే ఎక్కువ లెక్కకు వచ్చింది. నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. మధ్యలో రెండు నిమిషాలు సంగీతం ఆపేసినప్పుడు గుండె వేగమూ రక్తపోటూ మొదట ఉన్నదానికంటే కూడా కిందికి దిగాయి. అంటే విన్న తరువాత వచ్చే నిశ్శబ్దం కూడా విశ్రాంతిలో భాగమే. ఒకటి అయిపోగానే ఇంకొకటి తోసుకువచ్చేలా ఫోను పెట్టుకునేవారు దీన్ని గమనించాలి.

పెళ్ళిలో గట్టిమేళం గుర్తు తెచ్చుకోండి. అప్పటిదాకా సన్నాయి నింపాదిగా ఏదో కీర్తన వాయిస్తూ ఉంటుంది, బంధువులు కబుర్లలో ఉంటారు. పురోహితుడు చెయ్యెత్తగానే సన్నాయి, డోలు ఒక్కసారిగా అందుకుంటాయి. ఆ క్షణంలో తుమ్ములూ అశుభపు మాటలూ వినబడకూడదని పెద్దలు పెట్టుకున్న ఏర్పాటు అది. కాని దానివల్ల మరో పని జరుగుతుంది. మండపంలో ఉన్న వాళ్ళందరి గుండెలూ ఒక్కసారిగా వేగం అందుకుంటాయి. పెళ్ళికూతురి తల్లి కళ్ళు తుడుచుకుంటుంది, మేనత్త కళ్ళు తుడుచుకుంటుంది, ఎవరి తరఫునో వచ్చిన పక్కింటావిడ కూడా తుడుచుకుంటుంది. ఎవరినీ ఎవరూ డాక్టరు దగ్గరకు తీసుకుపోరు!

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గుండె వేగం పెంచింది డోలు. కన్నీరు తెప్పించింది డోలు కాదు. అదే గట్టిమేళం ఏ పెళ్ళీ లేని చోట, ఏ ఎగ్జిబిషన్ మైదానంలోనో వినిపిస్తే ఉలిక్కిపడి చూస్తారు, అంతే. ఒంటిని కదిలించే శక్తి వాద్యంలో ఉంది. అది సంతోషమో దుఃఖమో తేల్చేది వినేవారి బ్రతుకు.

కోయిల ఎక్కడుంది?

మీ ఇంట్లో మోగుతున్న వీణనే తీసుకుందాం. చిట్టిబాబుగారు మీ జిల్లాల మనిషే. 1936లో కాకినాడలో పుట్టారు, 1996లో వెళ్ళిపోయారు. ఆయన గురువు ఈమని శంకరశాస్త్రిగారు ద్రాక్షారామంలో 1922లో పుట్టి 1987 దాకా జీవించారు. ఈ గురుశిష్యులిద్దరికీ వీణ చేత మాట్లాడించాలని కోరిక. శాస్త్రిగారు వీణకు చేసిన రచన ఒకదానికి 'ఆదర్శ శిఖరారోహణం' అని పేరు పెట్టారు. చిట్టిబాబుగారు కోయిల కూతను తీగ మీద పలికించారు. వీణ మీటినప్పుడు స్వరం పుట్టి, మెల్లగా సన్నబడి ఆగిపోతుంది, మనిషి ఊపిరిలాగా. తీగను పక్కకు లాగితే ఒక స్వరం నుంచి ఇంకొక స్వరానికి జారుతుంది, మనిషి గొంతులాగా. అందుకే వీణ వింటుంటే ఎవరో మనతో చెబుతున్నట్టు ఉంటుంది.

ఏం చెబుతున్నారు? దీనికి ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడవచ్చు. పేరు ముందుగా చెప్పి 'కొమ్మలో కోయిల' వినిపిస్తే ఎవరికైనా కోయిలే వినబడుతుంది. మామిడి పూత కనబడుతుంది, ఉగాది పచ్చడి నోట్లో ఊరుతుంది. పేరు చెప్పకుండా ఏ ఆరేళ్ళ పిల్లవాడికో వినిపించి ఏమనిపించిందో అడగండి. కోయిల అంటాడేమో. ఊయల అనవచ్చు, దాగుడుమూతలు అనవచ్చు. వాడు చెప్పింది తప్పని అనకండి. పేరు మనకు దారి చూపించే చెయ్యి మాత్రమే. (ప్రసంగవశాత్తూ, గొంతెత్తి కూ అని పిలిచేది మగ కోయిల. ఈ సంగతి తెలిసినా మన చెవికి అది ఆడగొంతుగానే వినిపిస్తుంది. చూశారా, అర్థం ఎవరు పెడుతున్నారో!)

మన కచేరీలలో ఇంకొక తమాషా ఉంది. వీణ, వయొలిన్, సన్నాయి వాయించేవారు ఎక్కువగా కీర్తనలే వాయిస్తారు. సాహిత్యం తెలిసినవారు వింటూ మనసులో పాడుకుంటారు, పెదవులు కూడా కదుపుతుంటారు. వారికది మాటల్లేని సంగీతం కానే కాదు. పక్కనే కూర్చున్న సాహిత్యం తెలియని మనిషికి వట్టి రాగం మాత్రమే వినబడుతుంది. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని, ఒకే వయొలిన్ విని, రెండు వేరువేరు కచేరీలు చూసి ఇంటికి వెళతారు. రెండోవాడు తక్కువ విన్నాడని అనుకోకండి. మాట తోడు లేనప్పుడు ఆ ఖాళీలోకి తన సొంత సంగతులు వచ్చి కూర్చుంటాయి.

అర్థం అలవాటు వల్ల కూడా వస్తుంది. 1948లో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక మన ఊళ్ళలో ఎందరికో వాద్య సంగీతం ఇంట్లోకే వచ్చింది. 1964 మే నెలలో నెహ్రూగారు, 1966 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రిగారు, 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీగారు పోయినప్పుడు రేడియోలో సినిమా పాటలు ఆగిపోయి, విషాద సంగీతంగా సారంగి, షెహనాయి, వీణ మోగాయి. ఆ రోజులు చూసినవారిలో చాలామందికి ఈనాటికీ సారంగి వినగానే 'అయ్యో, ఎవరు పోయారు?' అనిపిస్తుంది. పాపం సారంగి చేసిన తప్పేమిటి? రాజస్థాన్ పల్లెల్లో సారంగి పెళ్ళిళ్ళలోనూ పురిటి వేడుకల్లోనూ మోగుతుంది. షెహనాయి సంగతి మరీ విచిత్రం. ఉత్తరాదిన అది పెళ్ళి మేళం. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు 1947లో ఎర్రకోట దగ్గర బిస్మిల్లాఖాన్‌గారు వాయించింది షెహనాయే. మన సినిమాలలో అదే షెహనాయి వినబడిందంటే, కథానాయకుడు ప్రేమించిన అమ్మాయికి వేరొకరితో పెళ్ళవుతోందన్నమాట!

మన డప్పు కూడా అంతే. గోదావరి జిల్లాల్లో గరగలు ఎత్తినప్పుడూ డప్పే, శవయాత్రలోనూ డప్పే. దరువు మారుతుంది. వీధి చివర వినబడగానే ఇంట్లో వాళ్ళకు తెలిసిపోతుంది, బయటకు పరుగెత్తాలో తలుపు దగ్గరగా వేసుకోవాలో.

అయితే రాగానికి దానంతట దానికి రసం లేదా? అంతా అలవాటేనా? అలా కూడా అనలేం. 1999లో కెనడాలో ఇద్దరు పరిశోధకులు, హిందుస్తానీ సంగీతం తెలియని 30 మందికి 12 రాగాలు వినిపించారు. సంతోషం, దుఃఖం, కోపం, శాంతి, ఈ నాలుగింటిలో ఏది ఎంత ఉందో చెప్పమన్నారు. సంతోషాన్నీ, దుఃఖాన్నీ, కోపాన్నీ వాళ్ళు బాగానే పోల్చుకున్నారు. శాంతిని మాత్రం పట్టలేకపోయారు. వేగం, స్వరాల పొందిక, ఇలాంటివి ఎవరి చెవికైనా కొంత చెబుతాయన్నమాట. కాని అది కొంతే. ముఖారి శోకరాగమని మనవాళ్ళు అంటారు కదా, త్యాగరాజస్వామి శబరి భాగ్యాన్ని పొగుడుతూ చేసిన కీర్తన ముఖారిలోనే ఉంది. భాగ్యానికి శోకరాగం ఎందుకని ఆయనను ఎవరూ అడగలేదు. ముసలి శబరి, జీవితమంతా ఎదురుచూసి, ఆఖరికి రాముణ్ణి చూసింది. అది సంతోషమా, దుఃఖమా? విన్నవారు చెప్పుకోవలసిందే.

ఇప్పుడు మీ అత్తగారి సంగతికి వద్దాం. మీ ఉత్తరం మూడో పేజీలో మీరే ఒక వాక్యం రాశారు, రాసి దాటిపోయారు. మీ మామగారు ఆదివారం పొద్దున్న గడ్డం గీసుకుంటూ ఆ రికార్డు పెట్టుకునేవారని! సోదరీ, మీకు వినబడుతున్నది కోయిల. ఆవిడకు వినబడుతున్నది ఆదివారం పొద్దున్న. వేణ్ణీళ్ళ చెంబు, వరండాలో అద్దం, లోపలినుంచి కాఫీ తెచ్చే తను. చిట్టిబాబుగారు ఇవేవీ ఆ తీగ మీద పెట్టలేదు. నలభై ఏళ్ళ సంసారం పెట్టింది.

2001లో మాంట్రియాల్‌లో జరిగిన పరీక్ష ఒకటి మీకు చెప్పాలి. సంగీతం నేర్చిన 10 మందిని, ఏది వింటే మీకు ఒళ్ళు జలదరిస్తుందో అది తెచ్చుకోండి అన్నారు. అది వినిపిస్తూ మెదడులో రక్తప్రసారం ఎలా మారుతుందో చూశారు. మంచి భోజనానికి కదిలే మెదడు భాగాలే సంగీతానికీ కదిలాయి. పోల్చి చూడటానికి ఇంకొక సంగీతం కావాలి కదా? దానికి వాళ్ళు చేసిన ఉపాయం చూడండి: ఒకరు తెచ్చుకున్నదాన్ని ఇంకొకరికి వినిపించారు. ఒకరికి ఒళ్ళు గగుర్పొడిచిన సంగీతం, రెండోవారికి మామూలు సంగీతం! అదే ఊళ్ళో 2011లో చేసిన మరో పరీక్షలో, మాటలు అడ్డు రాకూడదని వాద్య సంగీతమే తెచ్చుకోమన్నారు. పులకింత కలిగినప్పుడు డోపమిన్ అనే పదార్థం మెదడులో ఊరుతోందని తేలింది. ఆ పులకింత వచ్చే ఘట్టం కోసం ఎదురుచూస్తున్నప్పుడు కూడా మెదడులో మరొక చోట ఊరుతుంది. తెలిసిన వాద్యంలో 'ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది' అని చెవి రిక్కించడం మీకు కూడా అనుభవమే.

కాబట్టి మీ అత్తగారి కన్నీళ్ళు దుఃఖం మాత్రమే అనుకోకండి. అందులో తీపి కూడా ఉండవచ్చు. ఉందో లేదో నాకు ఇక్కడినుంచి తెలియదు, ఆవిడనే అడగాలి. 'ఎందుకు ఏడుస్తున్నారు?' అని అడిగితే మళ్ళీ పొగ అంటారు. 'ఈ రికార్డు మామయ్యగారు ఎక్కడ కొన్నారు అత్తయ్యా?' అని అడిగి చూడండి. చేతిలో పని ఉన్నప్పుడు, చిక్కుడుకాయలు వలుస్తున్నప్పుడు అడగండి. ఆవిడ చెబితే వినండి, మధ్యలో ఓదార్చకండి. ఆ వీణ రోజూ పెట్టాలా, ఆదివారాలు పెట్టాలా, అసలు వద్దా అన్నది ఆవిడ ఇష్టానికి వదలండి. మీ ఆడపడుచుది మంచి మనసే, కాని తల్లి ఆదివారాన్ని రోజూ మాత్రలా ఇవ్వకూడదు. అలాగని ఆవిడకు తెలియకుండా దాన్ని తీసి దాచేయడం కూడా మంచిది కాదు.

కాసేపు కళ్ళు తుడుచుకుని, తరువాత కూర తరిగి, సాయంత్రం ఇరుగుపొరుగుతో నవ్వే మనిషి గురించి భయం లేదు. అలాంటి కన్నీటివల్ల గుండెకు ప్రమాదమూ లేదు. అయితే ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు, చెయ్యీ కాలూ పట్టు తప్పడం, మూతి వంకర పోవడం కనిపిస్తే అది వేరు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. మనసు విషయంలో కూడా చూడవలసిన గుర్తులు ఉన్నాయి. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి సహించక చిక్కిపోవడం, గుడికి గాని, మనవల దగ్గరకు గాని వెళ్ళాలని లేకపోవడం, 'నేనూ ఆయనతో పోతే బాగుండేది' అనడం. రెండేళ్ళు దాటినా ఇవన్నీ ఉంటే అది వయస్సు వల్ల కాదు, వైధవ్యం వల్ల వచ్చేది ఇంతేలే అని సరిపెట్టుకోవలసినదీ కాదు. వైద్యం ఉంది. మానసిక వైద్యుని దగ్గరకు వెళ్ళడానికి మొహమాటపడితే, 2022లో ప్రభుత్వం ప్రారంభించిన 'టెలీ మానస్' వారికి 14416 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

రాగాల పట్టిక

'ఫలానా రాగం రక్తపోటుకు, ఫలానాది మధుమేహానికి, ఫలానాది మోకాళ్ళకు' అని పట్టికలు ఫోనుల్లో తిరుగుతున్నాయి. నాకూ రోజుకొకటి వస్తుంది. అమృతవర్షిణి పాడితే వాన కురిసిందన్న కథను భక్తితో చెప్పుకుందాం, దీక్షితులవారి మీద గౌరవం నాకూ ఉంది. కాని ఏ రాగమూ మందు బిళ్ళ కాదు. ఒకటే రాగం ఒకరికి పెళ్ళి, ఇంకొకరికి చావు అయినప్పుడు అందరికీ కలిపి చీటీ రాయడం ఎలా కుదురుతుంది? మీ అత్తగారే సాక్ష్యం.

సంగీతం వల్ల వైద్యంలో లాభం లేదని మాత్రం అనను. నెమ్మదైన సంగీతం వింటున్నంతసేపు, విన్న తరువాత కొంతసేపు రక్తపోటు కొద్దిగా తగ్గవచ్చు. అది నిలిచి ఉండేది కాదు. ఆపరేషనుకు ముందు రోగికి సంగీతం వినిపిస్తే భయం తగ్గుతుందని చాలా పరీక్షలలో కనబడింది. ఫిన్లాండులోని హెల్సింకిలో పక్షవాతం వచ్చిన రోగుల మీద చేసిన ఒక పరిశీలన 2008లో వచ్చింది. రెండు నెలలపాటు రోజుకు కనీసం ఒక గంట సంగీతం విన్నవారికి, చదివిన పుస్తకాలు విన్నవారికంటే, ఏమీ విననివారికంటే మాటల జ్ఞాపకం, ఏకాగ్రత బాగా తిరిగి వచ్చాయి. దిగులు కూడా తక్కువగా ఉంది. అది మాటలున్న పాటలు కూడా కలిసిన పరిశీలన అనుకోండి. కాని రోగులు విన్నది ఎవరో ఎంచి ఇచ్చింది కాదు, తమకు ఇష్టమైనదే విన్నారు. మీ ఇంట్లో ఎవరైనా మంచాన ఉంటే, 'నాన్నగారికి మంచిది' అని మీరు ఎంచకండి, నాన్నగారిని అడగండి. ఆయన మాట్లాడలేకపోతే వయసులో ఉన్నప్పుడు ఏం వినేవారో పిన్నిని అడగండి, పెదనాన్నను అడగండి. శాస్త్రీయ సంగీతమే కానక్కరలేదు. బ్యాండు మేళం ఆయనకు ప్రాణమైతే బ్యాండు మేళమే పెట్టండి.

చిన్నగా పెట్టండి. పెద్దవాళ్ళకు సరిగా వినబడదని గట్టిగా పెడతారు, దానివల్ల మోత పెరుగుతుంది గాని స్వరం తేటపడదు. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగిన కొద్దీ ఆ గంటలు గబగబా తరిగిపోతాయి. ఈనాటి పెళ్ళి ఊరేగింపుల్లో పెట్టెలు పేర్చి వాయించే మోతకు గంటల లెక్క ఉండదు, నిమిషాలే. గుండె జబ్బు ఉన్నవారినీ చంటిపిల్లల్నీ వాటి పక్కన నిలబెట్టకండి.

ఈ వాద్యాల సందర్భంలోనే ఇంకొక సంగతి. ఇంట్లో ఏదీ మోగకపోయినా, కొందరు వృద్ధులు 'సన్నాయి వినబడుతోంది, ఎవరింట్లో పెళ్ళి?' అంటుంటారు. ఒక్కొక్కప్పుడు చిన్ననాటి భజన అంటారు, రాత్రి నిశ్శబ్దంలో ఎక్కువగా ఉందంటారు. ఇంట్లోవాళ్ళు హడలిపోయి మతి చలించిందనుకుంటారు, గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారూ ఉన్నారు. చాలా సందర్భాల్లో దీనికి కారణం చెవుడు. బయటనుంచి చప్పుళ్ళు రావడం తగ్గినప్పుడు, మెదడు తన దగ్గర దాచుకున్న సంగీతాన్నే తీసి వినిపించుకుంటుంది. అందుకే పరాయి సంగీతం కాకుండా, ఎప్పుడో బాగా విన్నదే వస్తుంది. ఇది ముఖ్యంగా వయసు మళ్ళిన, వినికిడి తగ్గిన ఆడవారిలో కనబడుతుంది. అలాంటివారిని ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. గులిమి గట్టిపడి ఉంటే తీసేస్తారు, అవసరమైతే వినికిడి యంత్రం ఇస్తారు. యంత్రం పెట్టుకుని నలుగురి మాటలు వినబడటం మొదలైతే సన్నాయి చాలామందిలో తగ్గిపోతుంది. వాడుతున్న మందులన్నీ కూడా చూపించండి, కొన్ని మందులవల్ల కూడా ఇలా జరుగుతుంది. సంగీతంతోపాటు ఎవరో తిడుతున్నట్టో, ఆజ్ఞాపిస్తున్నట్టో మాటలు వినబడితే, లేదా ఇది హఠాత్తుగా మొదలై మనిషి తికమకగా ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా పెద్దాస్పత్రికి తీసుకువెళ్ళాలి.